ఏం కాయ?

నాకు ముక్కు మీద కోపం అని మా క్లబ్బులో అందరూ అంటారు. అననివ్వండి. ముప్ఫయ్యొక్క ఏళ్లు పోలీసు ఆయుధాగారంలో తుపాకులు విప్పి బిగించినవాడికి కోపం కాక ఇంకేం మిగులుతుంది? ప్రతివాడూ సినిమా చూసొచ్చి నాకే పాఠం చెబుతాడు. "మాస్టారూ, మాగ్నం వేస్తే గట్టిగా కొడుతుంది గదా?" అంటాడు. కొడుతుంది, నీ మొహాన్నే కొడుతుంది అంటాను. ఇక ఆ మనిషి మళ్లీ నా గది వైపు రాడు.

నా పేరు యలమంద. మా ఊరు ప్రత్తిపాడు. రిటైరయ్యాక గుంటూరు రోడ్డులో ఉన్న షూటింగ్ క్లబ్బువాళ్లు పిలిచి తూటాలు నింపే పని ఇచ్చారు. పోటీలకు తయారయ్యే కుర్రకారు రోజుకి వందేసి రౌండ్లు కాల్చిపారేస్తారు. అన్నన్ని కొత్త తూటాలు దొరకడం గగనం. అందుకని కాల్చేసిన ఇత్తడి గొట్టాల్ని ఏరుకొచ్చి, శుభ్రం చేసి, మళ్లీ నింపుతాం. క్లబ్బుకి దానికి లైసెన్సుంది, గదికి రెండు తాళాలున్నాయి, నాకు ఓపికుంది.

ఆ ఇత్తడి గొట్టం అడుగున చిన్న బిళ్ల ఒకటి ఉంటుంది. ప్రైమర్ అంటారు. మేం టోపీ అంటాం. పిస్టల్ లోపలి సూది దాన్ని పొడిస్తే నిప్పురవ్వ లేస్తుంది, ఆ రవ్వకి లోపలి మందు అంటుకుంటుంది, గుండు బయటికి పోతుంది. అంతే సంగతి. అయితే ఈ టోపీల్లో రెండు రకాలు. స్టాండర్డ్, మాగ్నం. రెండోదానిలో నిప్పు ఎక్కువ. బరువైన మందుకి, ఒక పట్టాన అంటుకోని మందుకి అది కావాలి. మా క్లబ్బు పిస్టళ్లలో వేసేది తేలిక మందు. దానికి స్టాండర్డ్ చాలు. పోపుకి మంట ఎక్కువైతే ఆవాలు మాడినట్టు, తేలిక మందు కింద మాగ్నం పెడితే లోపల ఒత్తిడి ఎక్కడికో పోతుంది. పదిసార్లు ఏమీ కాకపోవచ్చు. పదకొండోసారి పట్టుకున్నవాడి చెయ్యే పోవచ్చు.

ఇంతకీ చిక్కెక్కడంటే, రెండూ ఒకటే సైజు, ఒకటే రంగు. అరచేతిలో పోసి ఏది ఏదో చెప్పమంటే నేనూ చెప్పలేను, వాటిని తయారుచేసినవాడూ చెప్పలేడు. వందేసి టోపీలు సర్దిన పళ్లెం మీద ఉండే అట్ట కవరు చూసి తెలుసుకోవాల్సిందే. మాకొచ్చేవాటిలో స్టాండర్డుకి నీలం కవరు, మాగ్నంకి ఎర్ర కవరు.

అందుకే బల్ల దగ్గర ఇద్దరు మనుషులుండాలని రూలు. ఒకరు నింపాలి, ఒకరు చూడాలి. రోజు పని అయ్యాక రిజిస్టర్లో ఇద్దరూ సంతకం పెట్టాలి. నాకు రెండో మనిషిగా ఏసోబుని ఇచ్చారు.

ఏసోబు అప్పటికి క్లబ్బులో టార్గెట్ కాగితాలు మార్చే పనిలో ఉన్నాడు. అంతకు ముందు ఇరవయ్యేళ్లు గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, మోసి మోసి, నడుం పట్టేసి, ఆనక కాయలు గ్రేడు చేసేవాడు. గోతాంలో చెయ్యి పెట్టి నాలుగు కాయలు తీసి వాసన చూసి ఏ ఊరి చేలో పండిందో చెప్పేవాడట. వాడు చెప్పుకోవడమే, నేను చూళ్లేదు. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. ఇంగ్లీషు సున్న.

మొదటి రోజు వాడికి రెండు కవర్లూ చూపించి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. అంతా విని, "ఇది కారం తక్కువది, అది కారం ఎక్కువది. అంతేగా సారూ?" అన్నాడు.

"అంతే."

"దానికి ఇంత ఇంగ్లీషెందుకు?" అని సుద్దముక్క తీసి, నీలం కవర్లు పెట్టే రేకు డబ్బా మీద 'బ్యాడిగి' అనీ, ఎర్ర కవర్లు పెట్టే డబ్బా మీద 'తేజ' అనీ రాశాడు. గుంటూరు జిల్లాలో పుట్టినవాడికి ఇక చెప్పేదేముంది! తేజ రకం మిరపకాయ ముట్టుకున్న చేత్తో కన్ను నలుపుకుంటే రోజంతా ఏడుస్తూ కూర్చోవాలి. బ్యాడిగికి అంత కారం ఉండదు. మనిషికి బుర్ర ఉందే అనుకున్నాను. పైకి అన్లేదు, అంటే నెత్తికెక్కుతాడని.

ఆ రోజు నుంచీ మాకొక పద్ధతి ఏర్పడింది. డబ్బా మూత తీసేముందు నేను "ఏం కాయ?" అని అడగాలి. ఏసోబు డబ్బా మీద పేరు చూసి, మూత తీసి లోపల కవరు రంగు చూసి, "బ్యాడిగి" అనాలి. అప్పుడుగానీ టోపీల పళ్లెం బల్ల మీదికి రాకూడదు. రోజుకి ఐదారుసార్లు, పన్నెండేళ్లు. విసుగెత్తి ఒకసారి, "రోజూ చూసే డబ్బానే గదరా, ఎన్నిసార్లు చూస్తావ్?" అని కసిరాను.

"రోజూ చూసే మొహాన్నే అద్దంలో చూసుకుంటావు గదన్నా, ఎందుకు మరి?" అన్నాడు. అప్పటికి సారు పోయి అన్న అయ్యాను.

ఒక్కసారి మాత్రం వాడు వేరే జవాబు చెప్పాడు. బీరువా వెనకాల ఒక పళ్లెం దొరికింది, కవరు లేకుండా. వంద టోపీలు, నిగనిగలాడుతూ. "ఏం కాయ?" అన్నాను. తిప్పి తిప్పి చూసి, "తెలీదన్నా" అన్నాడు. బీరువాలో ఉండేది ఎక్కువ స్టాండర్డే, అదే అయ్యుంటుంది అని నేను. "అయ్యుంటుంది వేరు, అవును వేరు. తెలీని కాయ కూరలో వేస్తావా?" అని వాడు. నాకు ఒళ్లు మండింది. బంగారంలాంటి సరుకు, వందకి వందా పారెయ్యమంటావా అని అరిచాను. వాడు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఏం చేస్తాను? రెండో సంతకం వాడిది. వాటిని నూనెలో నానబెట్టి పద్ధతిగా పాడుచేశాం. వారం రోజులు వాడితో సరిగ్గా మాట్లాడలేదు.

మొన్న అక్టోబరు పదహారో తారీఖున ఏసోబు చచ్చిపోయాడు. జ్వరం అన్నాడు, రెండు రోజుల్లో వస్తానన్నా అన్నాడు, రాలేదు. వాళ్ల పేటకి వెళ్లి మట్టి వేసి వచ్చాను. అక్కడ ఏడవలేదు. మర్నాడు బల్ల ముందు కూర్చుని ఎదురుగా ఉన్న వాడి స్టూలు చూశాను. అది ఒక కాలు పొట్టిది. కింద వాడే మడిచి పెట్టిన సిగరెట్టు అట్ట అట్టాగే ఉంది. అప్పుడు ఏడుపొచ్చింది. తలుపేసుకుని ఏడ్చాను.

నాకు పిల్లల్లేరు. మా ఆవిడ రాజ్యం పోయి పధ్నాలుగేళ్లయింది. ఇంటికెళ్తే అన్నం ఉడికిందా అని నేనే అడిగి, ఉడికిందని నేనే చెప్పుకుంటాను. నిజం చెప్పొద్దూ, రోజు మొత్తం మీద నేను ఒక మాట అడిగితే తిరిగి జవాబు వచ్చేది ఆ బల్ల దగ్గరే. అదీ ఒకే మాట. బ్యాడిగి.

క్లబ్బు సెక్రటరీ జ్యోతిర్మయి అని, ముప్ఫయ్యేళ్ల అమ్మాయి. కొత్తగా వచ్చింది. పర్చూరు దగ్గర పల్లెటూరి పిల్ల, వ్యవసాయదారుల ఇల్లు. మర్యాద తెలిసిన మనిషి. వారం ఆగి నా గదికొచ్చింది.

"యలమందగారూ, ఒక్కరే నింపడానికి లేదు గదండీ. కమిటీ వాళ్లు అసలు ఈ బల్ల మూసేసి ఉన్నంతలో కొత్త తూటాలతోనే సరిపెడదామంటున్నారు. మీకూ డెబ్భై వచ్చాయి అంటున్నారు. రెండో మనిషిని చూసుకుంటే నేను సర్దిచెబుతాను. ఒక్క పొరపాటు జరిగినా మాత్రం నా చేతుల్లో ఉండదండీ."

"చూసుకున్నానమ్మా" అన్నాను.

"ఎవరండీ?"

"మావాడే."

ఆ పిల్ల నమ్మింది. నేను అబద్ధం ఆడతానని ఎవరనుకుంటారు? ఆ స్టూలు మీద ఇంకో మనిషిని కూర్చోబెట్టడం నావల్ల కాలేదు. అట్టాగని బల్ల వదులుకుని ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడమూ నావల్ల కాదు. సాయంత్రం రిజిస్టర్ తీసి నా సంతకం పెట్టాను. పక్క గడిలో ఏసోబు పెట్టేది సంతకం కాదు, ఒక్క అక్షరం. ఏ. తల కొంచెం పక్కకి వాలి ఉంటుంది. పన్నెండేళ్లు చూసిన అక్షరం, చెయ్యి తిరగడానికి ఎంతసేపు? పెట్టేశాను. సిగ్గేసింది. మర్నాడు మళ్లీ పెట్టాను. మూడో రోజుకి సిగ్గు కూడా పోయింది.

పనిచేసేటప్పుడు నేనే "ఏం కాయ?" అనేవాణ్ణి. కాసేపాగి నేనే "బ్యాడిగి" అనేవాణ్ణి, కొంచెం వాడి గొంతు పెట్టి. నవ్వుకుంటే నవ్వుకోండి. గదిలో మనిషున్నట్టుండేది.

నెలాఖరున తుపాను వచ్చింది. ఆ రోజే ఏసోబు ఇంటి దగ్గర, పోయినవాడి జ్ఞాపకంగా ఆదరణ కూడిక. గొడుగు విరిగిపోయేంత గాలిలో వెళ్లి, రేకుల కింద ఒక మూల కూర్చుని వచ్చాను. వాళ్లావిడ పున్నమ్మ, "మీ దగ్గర కూర్చోడమంటే ఆయనకి ప్రాణమండీ" అంది. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే నేను వాన చప్పుడు వింటూ కూర్చున్నాను.

మర్నాడు క్లబ్బుకెళితే నా గది కప్పు కారి నేలంతా తడిగా ఉంది. జ్యోతిర్మయి పాపం తన దగ్గరున్న రెండో జత తాళంచెవులతో తీయించి అంతా తుడిపించి సర్దింది. "బీరువాలోకి నీళ్లొచ్చాయి సార్. అట్ట కవర్లు నానిపోతే తీసేశాను. లోపల పళ్లేలు తడవలేదు. పేపర్ల మీద ఆరబెట్టి మళ్లీ డబ్బాల్లో పెట్టేశాను" అంది. మంచిపని చేశావమ్మా అన్నాను. నిజంగానే అన్నాను. నా మనసు అక్కడ లేదు, పున్నమ్మ అన్న మాట దగ్గరే ఉండిపోయింది.

బల్ల ముందు కూర్చుని, "ఏం కాయ?" అన్నాను. డబ్బా మీద బ్యాడిగి అని సుద్ద అక్షరాలు అట్టాగే ఉన్నాయి. మూత తీశాను. కవర్లు లేవు, పళ్లేలున్నాయి. "బ్యాడిగి" అని చెప్పుకున్నాను. మూడు వారాల్లో మూడొందల తూటాలు నింపాను. మిగతా పనంతా ఆపి, చైతన్యకృష్ణ అనే కుర్రాడొక్కడి కోసం. ఒంగోలు వాడు, బ్యాంకులో పని, రాష్ట్రం జట్టుకి ఎంపిక పోటీ మా రేంజిలోనే ఆదివారం పొద్దున. వాడి పిస్టలు వాళ్ల మేనమామ వాడి వదిలేసింది, పాతది. నా తూటాలకి బాగా అలవాటు పడింది. ఆ మూడొందలూ ఒక్కొక్కటి తూచి, చూసి, తుడిచి, ఆరు పెట్టెల్లో సర్ది శనివారం సాయంత్రం అప్పగించాను. ఇంత బాగా ఏనాడూ నింపలేదనుకున్నాను.

ఆదివారం ఏడింటికే బస్సెక్కాను. రోడ్డుకి రెండు పక్కలా తుపానుకి తడిసి నల్లబడిన పత్తి. ఆ మిగిలిందే ఆడవాళ్లు వంగి ఏరుకుంటున్నారు. రేంజిలో కుర్రాళ్లు పిస్టళ్లు తుడుచుకుంటున్నారు. మొదలుపెట్టడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. జ్యోతిర్మయి నాకు టీ తెచ్చిచ్చి పక్కన నిలబడింది.

"సార్, ఒకటి అడుగుదామనుకుంటున్నా. మీ డబ్బాల మీద ఆ పేర్లు ఎవరు పెట్టారండీ? భలే పెట్టారు!"

"ఏసోబు" అన్నాను. వాడి సంగతి వేరే మనిషి ఎత్తితే ప్రాణం లేచొచ్చింది.

"మా నాన్న ఎకరంన్నర బ్యాడిగి వేస్తాడు సార్. అందుకే ఎవర్నీ అడక్కుండానే తెలిసిపోయింది. బ్యాడిగంటే రంగు గదా! ఎర్ర కవర్లవి ఆ డబ్బాలో పెట్టేశాను. మిగతావి తేజలో."

టీ గ్లాసు పక్కన పెట్టేశాను.

ఆ పిల్ల తప్పేముంది? రైతుబిడ్డ. బ్యాడిగి కాయని యార్డులో ఎందుకు కొంటారు? రంగు కోసం. ఎర్రగా నిగనిగలాడితే బ్యాడిగి. ఏసోబు కారం చూసి పేరు పెట్టాడు, ఈ పిల్ల రంగు చూసి సర్దింది. ఇద్దరూ కాయ తెలిసినవాళ్లే. తెలియనివాణ్ణి నేను, కవరు లేని పళ్లేన్ని ముందు పెట్టుకుని బ్యాడిగి అని నాకు నేనే చెప్పుకున్నవాణ్ణి.

"అన్నీ ఎర్రవేనా అందులో?" అన్నాను.

"అదే సార్, కొన్ని అట్టలు నాని రంగు ఒకదానికొకటి అంటుకుంది. అవి అటూ ఇటూ అయ్యుండొచ్చు. ఏం సార్, ఏమైంది?"

"ఏం లేదు" అన్నాను.

ఏం లేదు అన్నాను చూడండి. అప్పుడే దాచేద్దామనుకున్నానన్నమాట. దాచడం ఎంత తేలికో! నాకు తప్ప ఎవరికీ తెలీదు. ఆ పిల్లకి తను చేసింది తప్పని కూడా తెలీదు. పదిసార్లకి పదిసార్లూ ఏమీ కాకపోవచ్చు. కుర్రాడు అరవై రౌండ్లు కాలుస్తాడు, ఇంటికి పోతాడు. రేపు మిగతావి ఏదో వంక పెట్టి వెనక్కి తీసుకుంటాను. బల్ల ఉంటుంది. స్టూలు ఉంటుంది. చెబితే? ఒక్క పొరపాటు జరిగినా నా చేతుల్లో ఉండదండీ అని ఈ అమ్మాయే చెప్పింది. చెబితే రేపటి నుంచి నేను ప్రత్తిపాడులో గోడలతో మాట్లాడుకోవాలి.

చైతన్యకృష్ణ లైనులోకి వెళ్లి నిలబడ్డాడు. నా పెట్టె తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు. ఎడం చెయ్యి. కుడిచేత్తో పిస్టల్ పట్టుకున్నాడు.

ఏసోబు ఉంటే ఏమనేవాడు? అయ్యుంటుంది వేరు, అవును వేరు అనేవాడు. చేతులు కట్టుకుని కూర్చునేవాడు. నేను ఎంత అరిచినా లేచేవాడు కాదు.

"ఆపండి!" అని అరిచాను. పోలీసు గొంతు, ఇంకా చావలేదు. రేంజి మొత్తం తిరిగి చూసింది. "ఆ తూటాలు ముట్టుకోవద్దు. చైతన్యా, పిస్టల్ కింద పెట్టు. పెట్టమంటుంటే!"

తర్వాత జరిగింది చెప్పుకుంటే సిగ్గు. ఏమైందని కమిటీ పెద్దలు చుట్టూ మూగారు. టోపీలు ఏవో నాకు తెలియకుండానే నింపానని చెప్పాను. ఎందుకు తెలీదన్నారు. కవర్లు లేకపోయినా చూసుకోలేదన్నాను. కవర్లు ఎవరు తీశారన్నారు. వాన తీసింది అన్నాను. జ్యోతిర్మయి ముందుకొచ్చి నోరు తెరవబోయింది. "నువ్వుండమ్మా, నింపింది నేను" అని కసిరాను. చైతన్యకృష్ణకి క్లబ్బులో ఉన్న కొత్త తూటాల పెట్టె ఒకటి ఇచ్చారు. ఆ పిస్టలుకి అవి పడవు. మూడు పాయింట్ల తేడాతో జట్టులో చోటు పోయింది.

వాడు తిన్నగా నా దగ్గరికొచ్చాడు. రోజూ మాస్టారూ అనేవాడు. "ఏవండీ, ఇద్దరు చూసి నింపుతారని గదా చెబుతారు? ఆ రెండోవాడెవడో పిలవండి" అన్నాడు.

ఎవరో లోపలికెళ్లి రిజిస్టర్ తెచ్చారు. జ్యోతిర్మయి తెరిచి వేలు పెట్టి కిందికి చూసుకుంటూ పోయింది. ఒక చోట వేలు ఆగింది.

"ఏసోబుగారు ఎప్పుడు పోయారు సార్?" అంది, మెల్లిగా.

"పదహారు."

అందరూ చూశారు. పదహారు తర్వాత నెల రోజులుగా ఉంది ఆ అక్షరం. ఏ. ఏ. ఏ. తల పక్కకి వాలి.

"చచ్చినవాళ్లతో సంతకాలు పెట్టిస్తున్నాడండీ ఈ ముసలాయన" అన్నాడు చైతన్యకృష్ణ. ఎవరో ఫక్కున నవ్వారు. వాడు మాత్రం నవ్వలేదు, వాడికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. వాడన్నదాంట్లో అబద్ధమేముంది?

కమిటీ పది నిమిషాల్లో తేల్చేసింది. బల్ల మూసెయ్యాలి. మూసేముందు ఆ మూడొందల తూటాలూ విప్పి, డబ్బాల్లోవి కూడా కలిపి టోపీలన్నీ పాడుచెయ్యాలి. విప్పేది నేనే, పక్కన సెక్రటరీ ఉండాలి.

సోమవారం పొద్దున పదింటికి జ్యోతిర్మయి వచ్చింది. స్టూలు మీద కూర్చోబోయి ఆగింది.

"కూర్చోవచ్చా సార్?"

"కూర్చో. ఒక కాలు పొట్టిది, అట్ట కదిలించకు."

కూర్చుంది. "తప్పు నాది గదా సార్. మీరు నా పేరు ఎందుకు చెప్పలేదు?" అంది.

"నీకు పద్ధతి చెప్పినవాడెవడు? మా ఇద్దరి మధ్యా పెట్టుకున్న పేర్లు అవి. మూడో మనిషికి చెప్పాలని మాకు తోచలేదు."

"మా నాన్నతో చెప్పాను సార్. ఆయన కూడా బ్యాడిగంటే రంగే అన్నాడు" అంది. నవ్వబోయి ఊరుకుంది. నాకూ నవ్వొచ్చింది గానీ బయటికి రాలేదు.

విప్పడానికి సుత్తిలాంటి పనిముట్టు ఒకటి ఉంటుంది. తూటాని దాంట్లో బిగించి దిమ్మ మీద కొడితే గుండు ఊడొస్తుంది. మందు ఒక గిన్నెలోకి, గుండు ఒక గిన్నెలోకి. మూడు వారాలు తూచి తుడిచి నింపినవి. మొదటి పెట్టె ముందుకి లాక్కున్నాను. మూత మీద చెయ్యి వేశాను. అలవాటు, ఏం చెయ్యను, నోట్లోంచి వచ్చేసింది.

"ఏం కాయ?"

అని ఆగాను. జవాబు చెప్పుకోవడానికి నా గొంతు సిద్ధమైంది కూడా. ఆ పిల్ల పెట్టె వంక చూసింది, నా వంక చూసింది. ఆ ప్రశ్న ఏమిటో తనకెవరూ చెప్పలేదు, అయినా ఎట్టా అర్థమైందో అర్థమైంది.

"తెలీదు సార్" అంది.

సుత్తి పక్కన పెట్టేశాను. ముఖం అటు తిప్పుకుందామనుకున్నాను, వీలు కాలేదు. ఆ పిల్ల ముందే ఏడ్చాను. నెల రోజులు రోజుకి ఐదారుసార్లు అడిగాను ఆ మాట. అన్నిసార్లూ నేనే బ్యాడిగి అని చెప్పుకున్నాను. తెలీదు అని ఒక్కసారన్నా చెప్పుకోలేదు. ఒంటిగాడు తనకు తాను ఆ మాట చెప్పుకోలేడండీ. ఎదురుగా ఇంకో మనిషి కూర్చుని చెప్పాలి. ఏసోబు పోతే నాకు పోయింది ఆ మాట.

జ్యోతిర్మయి మంచినీళ్ల సీసా నా వైపు జరిపింది. తాగాను.

ఆరు పెట్టెలు. ఆరుసార్లూ అడిగాను. అడగాల్సిన అవసరమే లేదు, లోపల ఉన్నవన్నీ పారేసేవే. అడిగితే జవాబు వస్తోంది కాబట్టి అడిగాను. ఆరుసార్లూ ఆ పిల్ల విసుక్కోకుండా, ప్రతిసారీ పెట్టె వంక సరిగ్గా చూసి మరీ, తెలీదు సార్ అంది.

సాయంత్రం నాలుగింటికి పనయింది. రిజిస్టర్లో నా సంతకం పెట్టి ఆ పిల్ల వైపు తిప్పాను. పక్క గడిలో తన పేరు పూర్తిగా, తెలుగులో రాసింది. డబ్బాలు ఖాళీ చేసి బీరువాలో పెట్టాం. సుద్ద అక్షరాలు తుడిచెయ్యమంటారా అని అడిగింది. వద్దన్నాను. రెండు తాళాలూ వేసి, తాళంచెవులు ఆ పిల్ల చేతికిచ్చి, ప్రత్తిపాడు బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చాను.